ఈ ఫొటో ఎక్కడిదో చెప్పండి

మెట్లు.

రెండేసి మెట్లు ఒక్క అంగలో దిగుతోంది ఆమె.

ఆరో అంతస్తు... ఐదు... నాలుగు...

లిఫ్ట్ కోసం ఆగే టైమ్ లేదు. మూడో అంతస్తు మలుపులో చెప్పు పట్టీ తెగింది. రెండూ అక్కడే వదిలేసింది.

మధ్యాహ్నం మూడు నలభై ఎనిమిది.

వాచ్‌మన్ ఏదో అడిగాడు. ఏమడిగాడో ఆమె చెవిన పడలేదు.

స్కూటర్ సీటు ఎత్తి ఫోన్ తీసింది. పైన ఆఫీసులోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. అందుకే అదెప్పుడూ సీటు కిందే.

భర్తకి చేసింది.

స్విచాఫ్.

స్విచాఫ్ వస్తుందని తెలుసు. తెలిసీ చేసింది.

ఇరవై ఎనిమిది నిమిషాల క్రితం వరకు ఇది రోజూలాంటి మధ్యాహ్నమే.

ఆరో అంతస్తులో పదిహేడు మంది, వాళ్ళ మీద ఒక మేజర్. తలుపు మీద ఏదో సర్వే కంపెనీ పేరు. లోపల యూనిఫాం వేసుకున్నవాళ్ళు లేరు. తుపాకులు లేవు. ఆ మాటకొస్తే రహస్యమన్నదే లేదు. వాళ్ళు చదివేదంతా ఎవరైనా చదవగలిగిందే. నది అవతలి వాళ్ళు ఫోన్లలో పెట్టుకునే ఫొటోలు, పుట్టినరోజు వీడియోలు, అద్దె ఇళ్ళ ప్రకటనలు, బస్సు టైమింగులు, టెండర్ నోటీసులు, కరెంటు కోతల మీద తిట్లు. వాటిలోంచి సైన్యానికి పనికొచ్చేది ఏరి ఫైలు కట్టడమే ఉద్యోగం.

యుద్ధం మొదలై రెండేళ్ళు.

ఆఫీసులో అందరూ ఆమెని భూతద్దం అంటారు. ఫొటోలో మూలనున్న కరెంటు స్తంభం చూసి ఊరి పేరు చెప్పేస్తుంది. మీ అమ్మ ఏం చేస్తుందని స్కూల్లో అడిగితే, ఫొటోలు చూస్తుంది అని చెప్పిందట కూతురు. అబద్ధమేం కాదు.

మూడు ఇరవైకి అవతలివాళ్ళ గ్రూపులో ఒక ఫొటో పడింది.

ఆమె రోజూ చూసే గ్రూపే అది. ఇరవై రెండు వేల మంది మెంబర్లు. ఒకరు ఫొటో పెడతారు. దాని కింద ఒకటే లైను... ఈ ఫొటో ఎక్కడిదో చెప్పండి. అంతే. మిగతావాళ్ళు వెతుకుతారు. రిటైరైనవాళ్ళు, కాలేజీ పిల్లలు, వంటయ్యాక పొద్దుపోని ఇల్లాళ్ళు. వాళ్ళకి అదొక ఆట. ముందు చెప్పినవాళ్ళకి చప్పట్ల బొమ్మలు.

ఆ గుంపులో ఒక మూల, కిక్కురుమనకుండా, ఒక మిలటరీ ఆఫీసర్ కూర్చుని ఉంటాడు. జవాబు మాత్రం రాసుకుంటాడు.

ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవతలి వైపు గ్రూపుల్లో అలా కూర్చునేది ఆమే.

పోయిన నెల అవతల ఒకావిడ తన ఇంటి కిటికీ ఫొటో పెట్టింది. అద్దం పగిలింది, బాగుచేసేవాళ్ళుంటే నంబరివ్వండి అని. కిటికీలోంచి దూరంగా వంతెన కనబడుతోంది. వంతెన మీద లారీలు. భూతద్దం గంటలో పట్టేసింది. ఫైలు పైకి వెళ్ళింది. మూడో రోజుకి ఆ వంతెన లేదు.

ఆ కిటికీ కూడా లేదు.

ఆ రాత్రి ఆమె అన్నం తిన్లేదు. ఎందుకని ఇంట్లో అడిగితే తలనొప్పి అంది.

ఇక ఇవాళ్టి ఫొటో...

బాగా ఎత్తు నుంచి తీసింది. పొడుగాటి గోడ. గోడ లోపల వరసగా పన్నెండు ఆయిల్ ట్యాంకర్లు. వెనకాల నీళ్ళ ట్యాంకు. పక్కన సగమే కనబడే హోర్డింగు.

నాలుగో ట్యాంకరు డ్రైవర్ డోరు లేత నీలం. బండేమో తెలుపు.

ఆమె కుర్చీలోంచి సగం లేచింది.

నిరుడు యాక్సిడెంట్లో డోరు నుజ్జయితే, తెల్లది దొరక్క ఏదో పాత బండిది తెచ్చి బిగించారు. మా గుర్రానికి నీలం చెవి మొలిచిందే అని భర్త ఇంటికొచ్చి పాపని నవ్వించాడు.

సైన్యానికి డీజిల్ తోలే కాంట్రాక్టు డ్రైవర్ అతను. ఎంత తొందరున్నా యాభై దాటనివ్వడు. ట్యాంకర్లు నిలిపే యార్డులో అతని పేరు నిదానం.

ఇవాళ పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాడు.

పక్క సీట్లో మాస్టారు. జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి, అరవై ఆరేళ్ళు. నీడ పొడుగు చూసి టైమ్ చెప్పడం ఆయన పని. ఆమె స్క్రీను వైపు వేలు చూపించింది. ఆయన కళ్ళజోడు ఎత్తి చూశాడు. నిన్న మధ్యాహ్నం మూడున్నరకి తీసిన ఫొటో అన్నాడు. ఆ తర్వాత నీలం డోరు చూశాడు.

అప్పటికే మొదటి కామెంట్ పడింది.

"నీడలు చూడండి. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య. గోడ తూర్పు పడమరలు."

"మనకైతే ఎంతసేపు పడుతుంది మాస్టారూ?"

"మనం ఇద్దరం తల్లీ. వాళ్ళు ఇరవై రెండు వేలు." ఆయన గొంతు సర్దుకున్నాడు. "గంట. మహా అయితే గంటంపావు."

ఆమె కారిడార్ చివర మేజర్ గదిలోకి వెళ్ళింది. మేజర్ ఫొటో చూశాడు. ఆశ్చర్యపోలేదు. యార్డుకి కబురు పంపాను, మీరు వెళ్ళి కామెంట్లు టైమ్‌తో సహా నోట్ చేయండి అన్నాడు. ట్యాంకర్లు బయటికి తీయిస్తున్నారా అని అడిగింది. కబురు పంపానన్నాను కదా అన్నాడు.

బయటికొచ్చి ల్యాండ్‌లైన్ నుంచి యార్డుకి కొట్టింది. మోగలేదు. మళ్ళీ కొట్టింది. లైనే చచ్చిపోయి ఉంది.

డ్రైవర్ల సెల్‌ఫోన్లు డ్యూటీ ఎక్కేముందే తీసేసుకుంటారు. ఫోన్ ఉంటే జాడ తెలిసిపోతుందని. ఆ రూలు పెట్టించిన రిపోర్టు రాసింది కూడా ఆమే.

యార్డుకి పద్నాలుగు కిలోమీటర్లు.

అందుకే ఈ మెట్లు. అందుకే ఈ పరుగు.

స్కూటర్ రోడ్డెక్కింది.

మొదటి సిగ్నల్ రెడ్. దాటేసింది. ఎవడో బండి పక్కకి తిప్పి బూతులు తిట్టాడు.

రెండో సిగ్నల్ దగ్గర బస్సు అడ్డం. ఆగక తప్పలేదు. ఫోన్ తీసింది.

కామెంట్లు నూట నలభై.

"హోర్డింగు మీద సగం దిండు బొమ్మ ఉంది. పరుపుల కంపెనీది."

దాని కిందే ఇంకొకడు... ఆ కంపెనీ హోర్డింగులు ఎక్కడెక్కడ పెట్టిందో యాడ్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో లిస్టు ఉందట. నలభై ఒక్క చోట్ల. లిస్టు మొత్తం తెచ్చి అతికించాడు.

నలభై ఒకటి. ఇరవై రెండు వేల మందికి అదెంత?

ఆమె దగ్గర ఒక దొంగ ఖాతా ఉంది. ఫొటోలో పిల్లి బొమ్మ. బస్సు కదిలేలోపు దాంట్లోంచి తప్పుడు జవాబు కొట్టింది. ఇది పాత చక్కెర మిల్లు వెనక గోడ, నేను అక్కడ పనిచేశాను అని.

బస్సు కదిలింది. ఆమె సందు చూసుకుని దూరింది.

ఫ్లైఓవర్ కింద మళ్ళీ చూసింది.

"కాదు. చక్కెర మిల్లుది ఇటుక గోడ. ఇదిగో ఫొటో. ఇది సిమెంటు దిమ్మలు."

మూడు నిమిషాల్లో తీసిపారేశారు. కింద పన్నెండు నవ్వు బొమ్మలు.

తప్పు దారి పట్టించడానికి కూడా మనుషులు చాలరు... అటు అంతమంది.

ఉత్త కాళ్ళ కింద ఫుట్‌బోర్డు కాలుతోంది. వేగం డెబ్భై.

ఫోన్ మోగింది. మాస్టారు. రోడ్డు మీదికొచ్చి తన సెల్ నుంచి చేస్తున్నాడు. చెవికీ హెల్మెట్‌కీ మధ్య ఫోన్ దోపుకుంది.

నేనూ ఏడు ఖాతాల్లోంచి తప్పుడు జవాబులు కొడుతున్నానమ్మా అన్నాడు. ఒక్కటీ నిలబడట్లేదు అన్నాడు.

"ఇంకో మాట. ఆ ఫొటో తీసిన ఎత్తు లెక్కేశా. ఆ చుట్టుపక్కల అంత ఎత్తున్నది ఒకటే. సిగ్నల్ టవర్. అది సైన్యానిది."

"అంటే మనలోనే ఎవడో..."

"విను. పోస్ట్ పెట్టిన ఖాతా చూశా. గాలం పట్టుకున్న ముసలాయన బొమ్మ. ఆ ముసలాయన్ని రెండేళ్ళ క్రితం తయారుచేసింది నేను. మన దొంగ ఖాతాల రిజిస్టర్‌లో పద్నాలుగో నంబరు."

ఆమె బ్రేక్ వేసింది. వెనక కారు హారన్ కొడుతూ పక్కనుంచి దూసుకుపోయింది.

"ఇప్పుడది ఎవరి దగ్గరుంది మాస్టారూ?"

"రెండు నెలల నుంచీ మేజర్ దగ్గరే."

ఎండ. లారీల దుమ్ము. ఆమెకి ఒక్క క్షణం ఎటు వెళ్తోందో అర్థం కాలేదు.

గూఢచారి లేడు. దొంగ లేడు. పైన కూర్చుని కామెంట్లు నోట్ చేయమన్నవాడే ఫొటో పెట్టాడు.

ఫోన్‌లో రెండో కాల్ వస్తోంది.

మేజర్.

ఎత్తింది.

గొంతులో కోపం లేదు. వెనక్కి రమ్మన్నాడు. రానంది. అప్పుడు విడమరిచి చెప్పాడు, క్లాసులో పాఠం చెప్పినట్టు. అవతలివాళ్ళ రాకెట్ లాంచర్లు ఎక్కడ దాచారో మూడు నెలలుగా దొరకడం లేదు. వాళ్ళు వాటిని పేలిస్తేనే జాడ దొరుకుతుంది. పేల్చాలంటే వాళ్ళకి నమ్మకమైన టార్గెట్ కావాలి. మనం చెప్తే నమ్మరు. వాళ్ళ మనుషులు వాళ్ళంతట వాళ్ళు వెతికి కనుక్కుంటే నమ్ముతారు.

"ఖాళీ బళ్ళు పెట్టొచ్చుగా సార్. మనుషుల్ని తీసేయొచ్చుగా."

"నిరుడు వాళ్ళు బొమ్మ డిపో కట్టారు, గుర్తుందా? మీరే పట్టుకున్నారు. టైర్లు నొక్కుకోలేదు కాబట్టి బళ్ళు ఖాళీ అని రాశారు. తీగ మీద బట్టలు లేవని రాశారు. గేటు బయట సైకిళ్ళు లేవు కాబట్టి మనుషుల్లేరని రాశారు." ఆగాడు. "మీ నోటు నేను నాలుగుసార్లు చదివాను. ఆ తప్పులు మేం చేయలేదు."

ఆమె స్కూటర్ మళ్ళీ కదిలించింది.

"మా ఆయన అక్కడున్నాడని మీకు తెలుసా?"

"తెలుసు. ఇవాళ మీకు సెలవు ఇప్పిద్దామనుకున్నాను. పనుల్లో పడి మర్చిపోయాను."

ఫోన్ కట్ చేసింది.

స్కూటర్ పిచ్చిపట్టినట్టు పోతోంది. ఎనభై. అంతకు మించి దానికి చేతకాదు.

నాలుగు ఇరవై రెండు. యార్డు.

గోడ... నీళ్ళ ట్యాంకు... దిండు బొమ్మ హోర్డింగు... ఇందాక తెర మీద చూసినవన్నీ ఎదురుగా ఉన్నాయి. గేటు బయట సైకిళ్ళు, మోపెడ్‌లు. తీగ మీద రెండు చొక్కాలు ఆరుతున్నాయి.

గేటుకి తాళం. తాళం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాపలా సిపాయి. నలభై దాటినవాడు, బానపొట్ట, ఒళ్ళో తుపాకీ.

లోపలికి పంపనన్నాడు. కనీసం డ్రైవర్లని బయటికి పిలవమంది. ఐదున్నర దాకా ఒక్కడు కూడా బయటికి కదలకూడదని రాతపూర్వకంగా ఆర్డర్ ఉందన్నాడు. కాగితం తీసి చూపించాడు కూడా.

గేటు ఊచల్లోంచి ఆమె అరిచింది. బళ్ళ నీడలో చదరంగం ఆడుతున్న గుంపు తలెత్తింది. నిదానం లేచి వచ్చాడు. చేతిలో ఇంకా గుర్రం బొమ్మ.

"ఏంటే ఇక్కడికొచ్చావ్? పాపకేమైనా..."

"పాప అత్తయ్య దగ్గరుంది. బాగానే ఉంది. చెప్పేది విను."

చెప్పింది. నాలుగు ముక్కల్లో చెప్పింది. అతను చేతిలోని గుర్రాన్ని జేబులో వేసుకున్నాడు.

ఎంత టైముందని అడిగాడు. జవాబు దొరికాక ఇరవై నిమిషాలనుకో అంది. దొరికిందా అని అడిగాడు.

ఫోన్ చూసింది.

నాలుగు ఇరవై ఆరు. నీళ్ళ ట్యాంకు రంగుల టెండర్ దొరికింది వాళ్ళకి. మునిసిపాలిటీ పెట్టిన కాగితం. దాంట్లో ట్యాంకు ఫొటో. మెట్ల నిచ్చెన వంకర కూడా సరిపోయింది.

"గోడ మీంచి దూకెయ్. వెనక వైపు నుంచి."

"పైన కరెంటు తీగ." అతను వెనక్కి తిరిగి చూశాడు. "అయినా వాళ్ళు పదకొండు మంది ఉన్నారే. నేనొక్కణ్ణే దూకి ఏ మొహం పెట్టుకుని బతకాలి?"

పెళ్ళైన తొమ్మిదేళ్ళలో ఆమెకి అతని మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

అతను వెళ్ళి మిగతావాళ్ళకి చెప్పాడు. వాళ్ళు గేటు మీదికొచ్చి పడ్డారు. సిపాయి లేచి తుపాకీ భుజానికి ఆన్చాడు. వెనక్కి పొమ్మన్నాడు. కాల్చేలాగే ఉన్నాడు.

నాలుగు ముప్ఫై ఒకటి.

ఫోన్ టింగుమంది.

దొరికింది.

ఎవరో కాలేజీ అమ్మాయి. శాటిలైట్ మ్యాప్ మీద ఎర్ర సున్నా చుట్టి పెట్టింది. కింద చప్పట్లు. వందల చప్పట్లు. సూపర్ చెల్లీ అని ఎవరో పెద్దాయన మెచ్చుకున్నాడు.

ఆమె ఆ ఫోన్ సిపాయి కళ్ళ ముందు పెట్టింది.

"ఇది గోడ. ఇది గేటు. ఈ చుక్క మీ కుర్చీ అన్నా. మీ ఆర్డర్ కాగితంలో మీరు కూడా ఐదున్నర దాకా కదలకూడదనే రాశారు."

సిపాయి చూశాడు. స్క్రీను... కుర్చీ... మళ్ళీ స్క్రీను.

కాగితం మళ్ళీ తీసి చదివాడు. ఈసారి పెదాలు కదుపుతూ, ఒక్కో మాట.

తుపాకీ దించాడు.

"నాకు ఒంటేలుకి వెళ్ళాలి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "తాళంచెవి కుర్చీలో మర్చిపోయాను. నేనేం చూడలేదు."

రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. ముందు నడిచాడు. తర్వాత పరిగెత్తాడు.

తాళం ఊడింది. గేటు కిర్రుమంది.

పన్నెండు మంది. ఎవడి సైకిల్ వాడు తీసుకునే వ్యవధి కూడా లేదు. రోడ్డు మీద పరుగు. పొట్టలు పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, బనియన్లతో. అటుగా వస్తున్న బస్సు సడన్ బ్రేకు వేసింది. కిటికీల్లోంచి తలలు.

నిదానం అందరికంటే వెనక. ఒక ముసలి డ్రైవర్ చెయ్యి పట్టుకుని లాక్కొస్తున్నాడు.

ఆమె గేటు దగ్గరే నిలబడింది అతను దాటేవరకు. తర్వాత స్కూటర్ వదిలేసి తనూ పరుగెత్తింది.

అర కిలోమీటరు అవతల కల్వర్టు. ఎండిన కాలువ. అందులో బోర్లా పడ్డారు అందరూ.

నాలుగు నలభై.

నలభై ఐదు.

యాభై.

ఏమీ లేదు.

ముసలి డ్రైవర్ కాలువలోంచి తల పైకెత్తి, యార్డు వైపు చూసి, నా రాజు చచ్చిపోయేలోపు ఆట ఆపించారు, మంచిదే అన్నాడు. ఎవరో నవ్వారు. నవ్వు అంటుకుంది. నిదానం ఆమె అరికాలు ఒళ్ళో పెట్టుకుని గుచ్చుకున్న గాజుముక్క తీస్తున్నాడు. ఇంటికెళ్ళాక అమ్మ నన్నే తిడుతుంది చూడు అంటున్నాడు.

ఆమె కూడా నవ్వబోయింది.

ఎందుకు పేల్చలేదు?

ఫోన్ తీసింది.

గ్రూపులో ఇప్పుడొక వీడియో. బస్సు కిటికీలోంచి తీసింది. ఇవతలి మనిషే, ఎవరో పుణ్యాత్మురాలు, ఊరి గ్రూపులో పెట్టింది. ట్యాంకర్ల యార్డులో గ్యాస్ లీకైనట్టుంది, అందరూ పరిగెడుతున్నారు, ఆ రోడ్డులో వెళ్ళకండి, పిల్లలు జాగ్రత్త అని. నది దాటడానికి ఆ వీడియోకి నాలుగు నిమిషాలు పట్టింది.

అవతల కామెంట్లు.

"యార్డు ఖాళీ చేశారు. మనం కనుక్కున్న పది నిమిషాల్లో. ఇది ఎర."

"డ్రైవర్లు సరే. గేటు దగ్గర ఆ ఆడమనిషి ఎవరు? ఆమె వచ్చాకే పరుగు మొదలైంది. ఆమెకి ముందే ఎలా తెలిసింది?"

"మన గ్రూపు చూస్తోందన్నమాట."

ఆ తర్వాత ఒక ఫొటో. వీడియోలోంచి కోసింది. ఆమె స్కూటర్ ముందు భాగం. దాని మీద చిన్న పార్కింగ్ స్టిక్కర్. పచ్చ త్రిభుజం, మధ్యలో రెండంకెలు.

కింద ఒకటే లైను.

ఈ స్టిక్కర్ ఎక్కడిదో చెప్పండి.

ఆమె ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది.

ఎలా కనుక్కోవాలో ఆమెకి తెలుసు. ఆమెకైతే పది నిమిషాలు. ఆఫీసు బిల్డింగు కింద అంతస్తులో పళ్ళ డాక్టరు ఉన్నాడు. మెచ్చుకుంటూ పేషెంట్లు పెట్టిన ఫొటోలు నెట్టు నిండా ఉన్నాయి. పార్కింగ్ ఫ్రీ అని స్టిక్కర్ ఫొటో కూడా పెట్టారెవరో. ఆ ఫొటోల్లోనే పైన ఆరో అంతస్తు కూడా పడుతుంది. పగలంతా కర్టెన్లు వేసే ఉంటాయి. సర్వే కంపెనీకి పద్నాలుగు ఏసీలెందుకు?

వాళ్ళకి ఐదు నిమిషాలు చాలు.

మాస్టారికి చేసింది. వెంటనే ఎత్తాడు. ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. మీవాడు బయటపడ్డాడా అని అడిగాడు.

"పడ్డాడు. మాస్టారూ, మీరు అక్కణ్ణుంచి పరుగెత్తండి. ఇప్పుడే. మన బిల్డింగ్ దొరికిపోతోంది."

ఎలా అని అడగలేదు ఆయన. అడగక్కర్లేని మనిషి. మేజర్ ఐదు నిమిషాల క్రితమే కారెక్కి వెళ్ళిపోయాడు, ఎందుకో అనుకున్నా అన్నాడు.

"పైన పదిహేను మంది ఉన్నారమ్మా. ఒక్కరి దగ్గరా ఫోన్ లేదు. ల్యాండ్‌లైన్‌కి బయటి నుంచి కాల్ వెళ్ళదు."

"వాచ్‌మన్‌ని పంపండి. ఫైర్ అలారం కొట్టండి."

"అలారం నెల నుంచీ పనిచేయట్లేదు. వాచ్‌మన్ చెప్తే ఎవరు లేస్తారు?"

"మాస్టారూ, వద్దు..."

ఆయన ఫోన్ కట్ చేయలేదు. చేతిలో పట్టుకునే నడిచాడు. పళ్ళ డాక్టరు క్లినిక్ తలుపు తోసి, అందరూ బయటికెళ్ళండి, గ్యాస్ లీక్ అని అరవడం వినబడింది. కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరో పిల్ల ఏడుపు. తర్వాత మెట్లు. ఒక్కో మెట్టు... ఆగి... మళ్ళీ ఒక్కో మెట్టు... అరవై ఆరేళ్ళ ఊపిరి.

ఆమె మెట్లు లెక్కపెడుతోంది. వద్దనుకున్నా లెక్కపెడుతోంది.

గ్రూపులో ఎర్ర సున్నా పడింది. చప్పట్లు.

యార్డు కోసం ఎక్కుపెట్టిన రాకెట్లు సిద్ధంగానే ఉంటాయి, ఈసారి ఇరవై నిమిషాలు పట్టదు.

నాలుగో అంతస్తు. ఐదు. ఆయన దగ్గుతున్నాడు.

ఐదు గంటల పన్నెండు.

తలుపు తెరుచుకున్న చప్పుడు. ఏసీల హోరు. ఎవరిదో గొంతు... ఏంటి మాస్టారూ, లోపలికి ఫోన్ తెచ్చారు?

"అందరూ లేవండి," అంటున్నాడు మాస్టారు. "లేవండి, లేవండి, చెప్పులు తర్వాత..."

చిన్న చప్పుడు. డబ్బా మూత పడ్డట్టు.

లైన్ పోయింది.

ఏమైందని నిదానం అడుగుతున్నాడు. భుజం పట్టుకుని కుదుపుతున్నాడు. ఆమె కాలువ గట్టెక్కి ఊరి వైపు తిరిగి నిలబడింది. పద్నాలుగు కిలోమీటర్ల దూరం. ఆకాశం శుభ్రంగా ఉంది. కింద డ్రైవర్లు ఇంకా ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

నలభై ఒక్క సెకన్లు గడిచాయి.

అప్పుడొచ్చింది గాలిలో ఆ చప్పుడు.

డ్రైవర్ల నవ్వు ఆగింది. అందరూ తలలు అటు తిప్పారు.